మూడునాళ్ల ముచ్చట్లలో మీ వరసను గుర్తించడం ఎలా?

ఏదో ఒక కళ మీదో, ఆట మీదో, సేకరణ మీదో మనసు పడుతుంది. రెండు వారాల పాటు అదే ధ్యాస, వేళకు తిండి నిద్ర ఉండవు. దానికి కావలసిన సామానంతా ఒక్కొక్కటిగా ఇంటికి చేరుతుంది. మూడు నెలలు తిరిగేసరికి ఆ సామాను అటకెక్కుతుంది, మనసు మరొకదాని వైపు మళ్లుతుంది. ఒకసారి ఇలా జరిగితే మోజు తీరిందనుకుని వదిలేయవచ్చు. అయిదారుసార్లు జరిగిందంటే మాత్రం అందులో ఒక వరస ఉందని అర్థం. ఆ వరస అందరికీ ఒకేలా ఉండదు కాబట్టి మీది ఏమిటో మీరే కనుక్కోవాలి. ఎలా కనుక్కోవచ్చో, కనుక్కున్నాక దాన్ని ఎలా వాడుకోవచ్చో ఇక్కడ వివరిస్తాను.

2024 వేసవిలో హైదరాబాదులో ఇల్లు మారుతూ అటక మీది పెట్టెలు దించినప్పుడు నేను ఈ పనికి పూనుకున్నాను. మొదటి పెట్టెలో కరక్కాయల పొడి, వెదురు కలాలు, మూతికి గుడ్డ కట్టిన ఒక జాడీ ఉన్నాయి. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో కొన్ని వారాల పాటు ఊరవేస్తారు. 2019లో నేనూ అలాగే ఊరవేశాను. ఆ రంగు పదునుకు వచ్చేలోపే నా ఆసక్తి చల్లారింది, ఒక్క గీత కూడా గీయకుండానే జాడీ అటకెక్కింది. అయిదేళ్ల తరువాత గుడ్డ విప్పి చూస్తే నీరంతా ఇంకిపోయి, అడుగున గట్టిపడిన నల్లటి చెక్కు, దానికి అంటుకుపోయిన నాలుగు మేకులు కనిపించాయి. వాటిని చూసినప్పుడు నాకు సిగ్గు కన్నా కుతూహలం ఎక్కువ కలిగింది. పాత సామాన్ల కొట్టుకు వెళ్లి ఆ మేకులను ఏరి తెచ్చిన రోజున నాకున్న శ్రద్ధ అబద్ధం కాదు. మరి రంగు ఊరుతున్న ఆ కొన్ని వారాల్లో ఏం జరిగింది?

మన భాషలో ఇలాంటివారికి ఆరంభశూరులనే పేరు సిద్ధంగా ఉంది. ఇంట్లో పెద్దలు ఆ మాట అంటారు, మనల్ని మనమూ అలాగే అనుకుంటాం. ఈ పని ముగిసేవరకు ఆ మాటను పక్కన పెట్టమని గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే అది తీర్పు చెబుతుందే తప్ప జరిగిందేమిటో చెప్పదు. నాలుగు నెలలు వీణ నేర్చుకుని మానేసినవారినీ, వంట సామగ్రి కొని పొయ్యి వెలిగించనివారినీ, స్నేహితుల కోసం చదరంగం మొదలుపెట్టి ఆ స్నేహితులు ఊరు మారగానే ఆపేసినవారినీ అది ఒకే గాటన కడుతుంది. ఈ ముగ్గురి కారణాలూ వేరు, కాబట్టి ముగ్గురికీ పనికొచ్చే ఉపాయాలూ వేరే.

ముందు సాక్ష్యం పోగుచేయండి

జ్ఞాపకం మీద ఆధారపడి జాబితా రాస్తే అందులో పెద్ద ఖర్చులు, ఇంట్లో జరిగిన వాదనలు మాత్రమే మిగులుతాయి. చిన్నవి జారిపోతాయి, తేదీలు తారుమారవుతాయి. అందువల్ల ఒక నోటు పుస్తకం తీసుకుని, గడిచిన అయిదేళ్లలో మీకు పట్టిన ఒక్కొక్క పిచ్చికి ఒక్కొక్క పేజీ కేటాయించి, వివరాలను బయటి ఆధారాల నుంచే నింపండి.

ఆధారాలన్నీ మీ దగ్గరే ఉంటాయి. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటి యాప్‌లలో పాత ఆర్డర్లన్నీ తేదీలతో సహా కనిపిస్తాయి. బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే లేదా గూగుల్ పే చెల్లింపుల పట్టిక చూస్తే తరగతులకు కట్టిన ఫీజులు దొరుకుతాయి. ఫోన్ గ్యాలరీని నెలలవారీగా వెనక్కి జరుపుతూ పోతే ఏ నెలలో ఏ బొమ్మలు గుంపుగా ఉన్నాయో తెలిసిపోతుంది, నా ఫోనులో 2020 జులై అంతా తోటకూర మొలకలే. యూట్యూబులో చూసిన వీడియోల చరిత్రను తొలగించకుండా ఉంచుకున్నవారికి అది అన్నిటికన్నా నమ్మకమైన సాక్షి. వాట్సాప్‌లో ఇప్పుడు తెరవని గ్రూపుల పేర్లు కూడా చూడండి. ఆ తరువాత ఇంట్లో అటక, బీరువా అడుగు అర, మంచం కింది పెట్టెలు వెతకండి. చివరగా మీతో ఉంటున్నవారిని అడగండి, మనం మరిచిపోయినవి వారికి బాగా గుర్తుంటాయి.

ప్రతి పేజీలో అయిదు తేదీలు రాయాలి. దాని మీద మొదట మనసు పడినది ఎప్పుడు, మొదటి పెద్ద కొనుగోలు ఎప్పుడు, చేతులతో నిజంగా చేయడం మొదలైనది ఎప్పుడు, చివరిసారి చేసినది ఎప్పుడు, తరువాతి ముచ్చట మొదలైనది ఎప్పుడు. కచ్చితమైన రోజు దొరకకపోతే నెల చాలు. వీటితో పాటు మొత్తం ఖర్చు, చేతులతో చేసిన గంటల అంచనా రాసుకోండి. నా పుస్తకంలో ఆరు పేజీలు నిండాయి: కలంకారీ, మిద్దె తోట, వీణ, పక్షులను చూడటం, ఇంకు పెన్నులు, రొట్టెల తయారీ.

తేదీల మధ్య ఖాళీలను చదవండి

మొదట చూడవలసినది రెండో తేదీకీ మూడో తేదీకీ మధ్య ఉన్న దూరం, అంటే కొన్నప్పటికీ చేసినప్పటికీ మధ్య గడిచిన కాలం. పక్షుల పేజీని ఉదాహరణగా చూపిస్తాను. బైనాక్యులర్ ఎంచుకోవడానికి నాకు అయిదు వారాలు పట్టింది. 8×42 రకం దృశ్యాన్ని ఎనిమిది రెట్లు దగ్గర చేస్తుంది, 10×42 పది రెట్లు చేస్తుంది. రెండింటిలోనూ ముందు కటకం 42 మిల్లీమీటర్లే. రెట్లు పెరిగినకొద్దీ చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది, కనబడే మేర తగ్గుతుంది. ఈ సంగతులన్నీ నాకు క్షుణ్ణంగా తెలుసు, ఎందుకంటే ఆ అయిదు వారాలూ రాత్రి పదకొండు దాటేవరకు చదివినది అదే. బైనాక్యులర్ వచ్చాక అమీన్‌పూర్ చెరువుకు వెళ్లినది రెండే రెండు ఉదయాలు.

ఇలాంటి పేజీని చూసి డబ్బు వృథా అయిందని బాధపడటం సహజమే గాని, అక్కడితో ఆగితే పాఠం అందదు. ఆ అయిదు వారాలూ నేను పొందిన ఆనందం అసలైనది. అయితే ఆ ఆనందం పక్షులది కాదు, వస్తువులను పోల్చి చూసి ఎంచుకోవడంలోది. మీ పేజీల్లో కొనుగోలుకు ముందటి కాలం పొడవుగా, తరువాతి కాలం పొట్టిగా ఉంటే మీకు ఇష్టమైన పని పరిశోధన అని అర్థం. దానికి వస్తువు కొనవలసిన అవసరం లేదు.

ఎక్కడ ఆగారో కనుక్కోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన అంచె, దీనికి తొందరపడకండి. ఎన్ని రోజులకు ఆగారన్న లెక్క కన్నా, ఆ విద్యలో ఏ మెట్టు దగ్గర ఆగారన్నది ఎక్కువ చెబుతుంది. పది రోజుల్లో ఆ మెట్టు చేరినవారు పది రోజులకు, ఆరు నెలల్లో చేరినవారు ఆరు నెలలకు మానేస్తారు. రోజుల లెక్క మాత్రమే చూస్తే ఆ ఇద్దరిదీ ఒకే వరస అని తెలియదు.

నా వీణ పేజీనే చూడండి. కర్ణాటక సంగీతంలో అందరూ మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలతో, అంటే స్వరాలను వరసగా పలికించే తొలి పాఠాలతో మొదలుపెడతారు. ఆ తరువాత జంట వరసలు, అలంకారాలు, గీతాలు వస్తాయి. జంట వరసల్లో ప్రతి స్వరాన్ని రెండుసార్లు పలికించాలి, రెండోదాని మీద కొంచెం ఒత్తు ఉండాలి. ఒక్కొక్క వరసను మూడు కాలాల్లో, అంటే ఒకదానికొకటి రెట్టింపయ్యే మూడు వేగాల్లో వాయించాలి. మొదటి కాలంలో సులువుగా సాగిన వేళ్లు మూడో కాలంలో వీణకుండే మెట్ల మీద తడబడతాయి. ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్ల కొసలు తీగ ఒరిసి మండుతాయి, కొన్ని వారాలు గడిస్తే గాని అక్కడ చర్మం గట్టిపడదు. ఇందులో తెలుసుకోవలసిన కొత్త సంగతి ఏమీ లేదు, రోజూ కూర్చుని వాయించడం ఒక్కటే మార్గం.

ఆఫీసులో పని పెరిగి వీణ మానేశానని చాలాకాలం నమ్మాను. పుస్తకంలో తేదీలు రాసుకున్నాక, పాఠానికి వెళ్లిన చివరి వారం జంట వరసలు మూడో కాలం మొదలైన వారమేనని తేలింది. ఆఫీసులో పని పెరిగినది ఆ తరువాతి నెలలో. అప్పుడు మిగిలిన పేజీలను మళ్లీ చదివాను. మిద్దె తోటలో మట్టి, కొబ్బరి పొట్టు, వర్మి కంపోస్టు, వేపపిండి కలపడం, నెల రోజుల్లో తోటకూర కోయడం వరకు హాయిగా సాగింది. టమాటా మొక్కలకు పిండినల్లి పట్టి, కొన్ని వారాల పాటు వేపనూనె పిచికారీ చేయవలసి వచ్చినప్పుడు ఆగిపోయింది. కలంకారీ రంగు ఊరే దగ్గర ఆగింది. రొట్టెలు పిండి పొంగడం వెనుక ఉన్న కారణం అర్థమైన తరువాత, ఒకే రొట్టెను మళ్లీ మళ్లీ చేసి చేయి కుదుర్చుకోవలసిన చోట ఆగాయి. విషయం బుర్రకెక్కి, చేతికి మాత్రం ఇంకా అలవాటు కాని చోట నేను ఆగుతున్నాను. నాలుగు వేరువేరు విద్యల్లో ఒకే మెట్టు.

మీ మెట్టు ఇదే కానవసరం లేదు. కొందరు తాము చేసినదాన్ని మొదటిసారి నలుగురికీ చూపించి మెప్పు పొందగానే ఆగుతారు. కొందరు తమకన్నా బాగా చేసేవారు ఎదురైన రోజున ఆగుతారు. తోడు వచ్చినవారు తప్పుకోగానే తప్పుకునేవారు ఉన్నారు, సరదా కాస్తా బాధ్యతగా మారినప్పుడు, అంటే ఎవరో డబ్బిచ్చి చేయించుకుంటామన్నప్పుడు విసుగు పుట్టేవారూ ఉన్నారు. ఒక్కొక్క పేజీలో చివరి వారం ఏం చేయవలసి ఉండిందో రాయండి, మీ మెట్టు దానంతట అదే బయటపడుతుంది.

కొత్తదనం తగ్గగానే ఉత్సాహం పడిపోవడానికి మెదడు పనిచేసే తీరు కొంతవరకు కారణం. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, అనుకోకుండా పళ్లరసం దొరికినప్పుడు మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాలు చురుకుగా స్పందించాయి. రసానికి ముందు ఒక గుర్తు వస్తుందని అలవాటయ్యాక ఆ స్పందన గుర్తు దగ్గరే వచ్చింది, రసం అందినప్పుడు కనిపించలేదు. ఊహించినది ఊహించినట్టే జరిగితే ఆ కణాలకు చెప్పుకోదగ్గ వార్త ఉండదు. పార్సిల్ వస్తోందన్న సందేశానికి పొంగిన మనసు, పార్సిల్ విప్పాక ఎందుకు చప్పబడుతుందో దీన్నిబట్టి కొంత ఊహించవచ్చు. అందరికీ ఉండేదే ఇది, మీ ఒక్కరి లోపం కాదు.

అప్పుడు జీవితంలో ఏం జరుగుతోందో పక్కన రాయండి

ప్రతి ముచ్చటా మొదలైన నెలలో ఇంట్లో, ఉద్యోగంలో, ఆరోగ్యంలో ఏం జరుగుతుండేదో ఒక్క వాక్యం చాలు. ఉద్యోగంలో ఒక పెద్ద పని ముగిసి తీరిక దొరికినప్పుడల్లా, లేదా తప్పించుకోవాలనిపించే పని నెత్తిన ఉన్నప్పుడల్లా కొత్తవి మొదలవుతున్నాయేమో చూడండి. రెండోది నిజమైతే ఆ ఆసక్తి గడువు ఆ పని ముగిసేవరకే ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మా నాన్నగారు 2020 జూన్‌లో పోయారు. ఆయన సేద్యం చేసిన మనిషి. మిద్దె మీద మొదటి విత్తనాలు ఆ నెలాఖరులోనే వేశాను. ఈ రెండు సంగతులనూ ఒకే పేజీలో పక్కపక్కన రాసిన తరువాత, ఆ తోట ఎందుకు మొదలైందో, ఏడు నెలలకు ఎందుకు చాలనిపించిందో నాకు తెలిసింది. పిండినల్లి ఒక సాకు మాత్రమే. ఆ పేజీని మిగిలిన వాటితో కలిపి లెక్కించడం తప్పనిపించి వేరు చేశాను. మీ జాబితాలోనూ ఇలాంటి పేజీ ఒకటి ఉండవచ్చు. దుఃఖంలో పట్టుకున్న కొమ్మను వదిలేశామని మనల్ని మనం తప్పుపట్టకూడదు.

ఒక్క వాక్యంలో రాసి, పరీక్షించండి

ఇప్పుడు మీ వరసను ఒకే వాక్యంలో రాయండి. నాది ఇది: "పెద్ద పని ముగిసిన నెలలో కొత్తదాని మీద మనసు పడుతుంది, సామాను గురించి నెలరోజులు చదువుతాను, విషయం అర్థమై సాధన మొదలుకావలసిన చోట, అంటే రెండో నెలా నాలుగో నెలా మధ్య, ఆపేస్తాను." ఇందులో బద్ధకం, చపలత్వం వంటి మాటలు ఉండకూడదు. చూసేవారికి కంటికి కనిపించే పనులే ఉండాలి, ఎందుకంటే ఇకముందు సరిచూడగలిగేది వాటినే.

తరువాతి ముచ్చట మొదలవగానే, మొదటి వారంలోనే, ఏం జరగబోతోందో రాసి తేదీ వేయండి. 2024 అక్టోబరులో నాకు పాత చేతి గడియారాలు బాగుచేయాలన్న కోరిక పుట్టింది. హెచ్‌ఎంటీ జనతా వంటి కీ ఇచ్చే గడియారాలు సరైన మొదలని చదివాను. "ఏ పరికరాలు కొనాలో నవంబరు సగం వరకు చదువుతాను, డిసెంబరులో ఆపేస్తాను" అని రాసుకున్నాను. డిసెంబరు రెండో వారంలో ఆపేశాను. ముందే రాసుకున్నందువల్ల, చదివిన పరికరాలన్నీ తెప్పించకుండా ఒక స్క్రూడ్రైవర్ల పెట్టె, ఒక చెడిపోయిన గడియారం మాత్రమే కొన్నాను. దాన్ని మూడుసార్లు విప్పి చూశాను, లోపలి చక్రాలు ఒకదాన్నొకటి ఎలా తిప్పుతాయో తెలుసుకున్నాను, తృప్తిగా మూసేశాను. ఊహ నిజమైతే మీ వాక్యం నమ్మదగినది. తప్పితే వాక్యాన్ని దిద్దండి, రెండు మూడుసార్లు దిద్దుకున్నాక గాని అది కుదరదు.

వరసకు తగిన ఏర్పాటు చేసుకోండి

పోల్చి ఎంచుకోవడంలో ఆనందం ఉన్నవారు నచ్చిన వస్తువును వెంటనే కొనకుండా, పేరు, ధర, తేదీ రాసి 30 రోజులు ఆగడం మంచిది. నా అనుభవంలో ఈ ఒక్క నియమమే ఎక్కువ డబ్బు మిగిల్చింది. సాధన దగ్గర ఆగేవారు వాయిద్యాన్ని అద్దెకో అరువుకో తెచ్చుకుని, ఫీజు ఏడాదికి కాకుండా నెలకు కట్టి, ఆగే మెట్టు వచ్చే వారాన్ని గురువుకు ముందే చెప్పుకోవాలి. నిజంగా ఆ విద్య కావాలనుకుంటే ఆ మెట్టు దాటే కొన్ని వారాలకు మాత్రం తోడు వెతుక్కోవాలి. మెప్పు దొరకగానే ఆగేవారు పని పూర్తయ్యేవరకు ఎవరికీ చూపించకూడదు. మనుషుల కోసం చేరేవారు ఆ సంగతి ఒప్పుకుని, ఖర్చు తక్కువైన చోట ఆ మనుషులనే కలుసుకుంటే సరిపోతుంది.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందన్న మాట మీద గడువులు పెట్టుకోవద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక రోజువారీ పని అలవాటు కావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషినిబట్టి, పనినిబట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు మారింది. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం కలగలేదని కూడా అందులో తేలింది. 22వ రోజున మనసు మొరాయిస్తే మీరు ఓడిపోయినట్టు కాదు.

అన్నిటినీ కొనసాగించాలన్న పట్టుదల కూడా అక్కరలేదు. మొదటి నుంచే ఆరు వారాల పని అనుకుని మొదలుపెట్టి, ఒక చిన్న వస్తువో ఒక పాటో పూర్తిచేసి ముగించడం గౌరవమైన పద్ధతే.

ఎప్పుడు వైద్యుల సలహా అవసరం

నిద్ర బాగా తగ్గినా అలసట తెలియకుండా, మాట వేగం పెరిగి, అప్పులు చేసి మరీ కొనే దశలు వస్తుంటే, లేదా చిన్నతనం నుంచి చదువులో, ఉద్యోగంలో, ఇంటి పనుల్లో కూడా ఏదీ పూర్తిచేయలేక ఇబ్బంది పడుతుంటే, నోటు పుస్తకంతో సరిపెట్టుకోవద్దు. మానసిక వైద్య నిపుణులను కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

పేజీని మూసే పద్ధతి

మానేసిన వాటి సామాను కళ్ల ముందు ఉంటే ప్రతిసారీ పాత బాకీలా కనిపిస్తుంది. ఆరు నెలలుగా ముట్టని సామానును అమ్మండి, లేదా దాన్ని వాడేవారికి ఇవ్వండి. వాటిలో ఒక్కటి మీ రోజువారీ జీవితంలోకి వచ్చి ఉంటే దాన్ని మాత్రం ఉంచుకోండి. ఇంకు పెన్నులు సేకరించాలన్న కోరిక నాకు మూడు నెలల్లో పోయింది గాని, రాజమహేంద్రవరంలో చేతితో తయారయ్యే రత్నం పెన్ను ఒకటి నా జేబులోనే ఉంది. ఈ నోటు పుస్తకమంతా దానితోనే రాశాను.

తరువాత ఆ పేజీ కింద మూడు సంగతులు రాసి గీత గీయండి: ఏం తెలిసింది, ఎక్కడ ఆగింది, సామాను ఎక్కడుంది. వీణ పేజీ కింద నేను రాసుకున్నది ఇది.

"మాయామాళవగౌళను ఇప్పుడు ఎక్కడ విన్నా గుర్తుపడతాను. జంట వరసలు, మూడో కాలం దగ్గర ఆగింది. బొబ్బిలి వీణ రెండో అంతస్తులో ఉండే అమ్మాయి దగ్గర ఉంది, తుప్పు పట్టిన తీగలు మార్పించింది, అలంకారాలు నడుస్తున్నాయి."